తొమ్మిదో ముక్క గట్టు

కెల్డ్‌వర్త్
ఫిబ్రవరి 1974

అన్నయ్యకు,

నీ తుంటి నొప్పి ఎలా ఉంది? కూతురి ఇంట్లో రాజాలా కూర్చుని సముద్రం చూస్తున్నావని విన్నాను. ఇక్కడి సంగతి రాస్తున్నాను, కూర్చునే చదువు.

రైలు పట్టాల పక్కన కౌన్సిల్ వాళ్ళ అద్దె తోటల్లో తొమ్మిదో ముక్క నాకిచ్చారు. నా పేరు మీదే. అవును, నువ్వు కమిటీలో ఉన్నప్పుడు ‘ఆడవాళ్ళకి ఇచ్చేది లేదు’ అని అందరితో పాటు చెయ్యెత్తిన ఆ తోటల్లోనే. నన్ను చూసి ముచ్చటపడి ఇచ్చారనుకోకు. వరసలో నాకంటే ముందున్న మగవాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఆ ముళ్ళ పొదలు చూసి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయారట. ఆఖరికి నేను మిగిలాను.

సెక్రటరీ హేగ్ గారు తాళంచెవి చేతిలో పెడుతూ, “చూడు నోరమ్మా, ఆగస్టు ఆఖరి శనివారం కమిటీ తనిఖీకి వస్తుంది. ముప్పాతిక భాగం సాగులో ఉంటే ముక్క నీది. లేకపోతే ఇంకొకరికి పోతుంది. అప్పుడు ఏడుపులూ అవీ పెట్టకూడదు మరి” అన్నాడు.

“హేగ్ గారూ, మిల్లు క్యాంటీన్లో ముప్ఫై ఏళ్ళు మగవాళ్ళకి వడ్డించాను. ఏడ్చిందెప్పుడూ వాళ్ళే, బంగాళాదుంపలు చాలలేదని” అన్నాను.

ఈ వయసులో నీకిదేం పిచ్చి అంటావు. నువ్వు వెళ్ళాక అల్మా వీధిలో మన వరస ఇళ్ళు కూలగొట్టి నన్ను పదకొండో అంతస్తులో పెట్టారు కదా. గదులు బాగానే ఉన్నాయి, వేడినీళ్ళు వస్తాయి. కానీ నేను నడిస్తే అది ఇంకొకరి నెత్తి మీద చప్పుడు. తలుపు తీసి కాలు బయటపెడితే లిఫ్టు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు కాలి కింద నేల లేదన్నయ్యా. నాకది కావాలి. ఎంత ముళ్ళ నేలైనా సరే.

ఒక్కటే చిరాకు. పక్క ముక్క టల్లీ నీకు తెలుసుగా, నీళ్ళ క్యాను పట్టుకుని నా ముక్కకి అడ్డంగా నడిచి కుళాయి దగ్గరికి పోతున్నాడు. పొదల మధ్య కాలిబాట పడిపోయింది. “ఏమండీ, ఇది నా ముక్క” అంటే, “ఇది దారమ్మా” అని వెళ్ళిపోయాడు. ఏం చెయ్యాలో, ఎక్కడ మొదలుపెట్టాలో రాయి.

నీ చెల్లెలు
నోరా

*

వర్దింగ్
ఫిబ్రవరి చివర

నోరాకు,

తొమ్మిదో ముక్కా. పోయి పోయి దానికే దొరికావు. ముసలి ఏమస్ పోయాక దాంట్లో పార దిగలేదు. 

చెయ్యెత్తిన మాట నిజమే. అందరి చేతులూ లేచాయి, నాదొక్కటే కింద ఉంటే బాగుండదని లేపాను. దానికి నువ్వు నెల్లాళ్ళు ఆదివారం మాంసంలోకి నాకు గ్రేవీ పొయ్యలేదు. ఆ లెక్క తీరిపోయిందనుకున్నాను.

ఇప్పుడు విను. ముందు ముళ్ళు మొదలంటా కోసి తగలబెట్టు. తర్వాత పళ్ళ పార తీసుకుని, రోజుకి మంచం పట్టేంత చోటు, అంతే. మట్టి ఎత్తి వేళ్ళతో కెలుకు. ఉన్ని దారం చిక్కుపడినట్టు తెల్లటి వేళ్ళు కనిపిస్తాయి. కొన్ని గరికవి, కొన్ని తెల్ల పూల తీగవి. ప్రతి ముక్కా ఏరి బకెట్లో వెయ్యి. గోరంత మిగిలినా మళ్ళీ మొక్కవుతుంది. అందుకే చెబుతున్నాను, దున్నే మిషను జోలికి మాత్రం పోకు. అది వేళ్ళని తియ్యదు, తరుగుతుంది. 

మూలన, ఇనప కంచె దగ్గర ఏమస్ నాటిన రూబార్బ్ దుబ్బు ఉండాలి, ఆ పుల్లటి ఎర్ర కాడలది. చచ్చి ఉండదు. చూసుకుని తవ్వు.

టల్లీ సంగతి. తోటల్లో పద్ధతి ఒకటుంది. ఎవరి ముక్కలోకి వెళ్ళాలన్నా గట్టు మీద ఆగి ‘రావచ్చా’ అని అడగాలి. రమ్మంటేనే అడుగు పెట్టాలి. ఒకసారి గాలివానకి టల్లీ షెడ్డు కప్పు లేచిపోతుంటే, నేను కమిటీ అధ్యక్షుణ్ణి అయ్యుండి కూడా వానలో గట్టు మీద నిలబడి అడిగాను. వాడు రేకు పట్టుకుని వేలాడుతూ “రా” అన్నాకే వెళ్ళాను. అలాంటి వాడు నీ ముక్కలో అడ్డంగా నడుస్తున్నాడంటే నిన్ను అవమానించాలని కాదు. వాడి దృష్టిలో అక్కడింకా ఎవరూ లేరు. గొడవపడకు. పోట్లాడి అడిగించుకుంటే దానికి విలువ లేదు.

క్లెమ్ అన్నయ్య

*

కెల్డ్‌వర్త్
మార్చి

అన్నయ్యా,

ఎవరూ లేరని రాశావు చూడు, ఆ మాట నన్ను బాగా గుచ్చింది. ఆ కోపంతోనే ముళ్ళన్నీ కొట్టేశాను.

పొదల కింద ఒక ఇనప మంచం, ఒక స్నానాల తొట్టి, చక్రాలు బాగానే ఉన్న పిల్లల తోపుడు బండి బయటపడ్డాయి. ఏమస్ అక్కడ సంసారమే పెట్టాడేమో. నువ్వు చెప్పిన మూలన ఎర్రటి మొగ్గలు కనిపించాయి, పిడికిలంత. రూబార్బే. వంగి వాటితో కాసేపు మాట్లాడాను, ఎవరూ చూడలేదులే. తొట్టి బోర్లించి మూత పెట్టాను, చీకట్లో కాడలు తొందరగా లేస్తాయని నువ్వనేవాడివిగా.

నడుము విరిగిపోతోంది. చేతులకి బొబ్బలు. మట్టి బూట్లతో లిఫ్టు ఎక్కితే పై అంతస్తావిడ గోడకి అతుక్కుపోయింది. నాకు మాత్రం హాయిగా ఉంది. ఒళ్ళు నొప్పులు పెడుతుంటే హాయిగా ఉండటమేమిటో నువ్వే చెప్పాలి.

కానీ ఇన్నాళ్ళు తవ్వి మన పాత వంటగదంత చోటు బాగుచేశాను. ఈ లెక్కన ఆగస్టు కాదు, క్రిస్మస్ వస్తుంది. టల్లీ రోజూ నడుస్తూనే ఉన్నాడు. నిన్న నేను ఏరిన వేళ్ళ బకెట్ దాటుకుంటూ పోయాడు.

నోరా

*

వర్దింగ్
మార్చి

నోరాకు,

హాయి ఎందుకో నాకు తెలుసు, చెప్పడం చేతకాదు. ఇక్కడ మా అల్లుడికి పచ్చిక తప్ప ఏదీ గిట్టదు. అంచులు కత్తెరతో కత్తిరిస్తాడు. మొన్న దాని మీద నిలబడి నీ ఉత్తరం చదువుతుంటే, “మావయ్యగారూ, అక్కడ కొంచెం తడిగా ఉంది” అన్నాడు. పచ్చిక నొక్కుకుపోతుందని ఆయన బాధ. నీ వేళ్ళ బకెట్ నా కళ్ళ ముందు కనిపిస్తోంది. వాసన కూడా వస్తోంది.

తొలి రూబార్బ్ కాడలు కొన్ని గట్టు మీద పెట్టు, పోయేవాళ్ళు తీసుకుపోతారు. అది పద్ధతి. తొందరపడకు. మంచం పట్టేంత చోటు, రోజుకి.

క్లెమ్

*

కెల్డ్‌వర్త్
ఏప్రిల్

అన్నయ్యా,

అయిపోయింది. మొత్తం. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా నల్లటి మట్టి, దువ్వినట్టుంది. బఠాణీ, క్యారెట్, ఉల్లి అన్నీ తాడు కట్టి వరసలుగా వేశాను. హేగ్ గారు దారిలో ఆగి మరీ చూశాడు. గట్టు మీద పెట్టిన రూబార్బ్ మధ్యాహ్నానికల్లా మాయమైంది. మొత్తానికి ఇదంత కష్టమేం కాదు. మీరంతా కలిసి దీన్నొక బ్రహ్మవిద్య చేసి పెట్టారు.

వాతావరణం బాగుంది. పిల్లలందరికీ నా ముద్దులు.

నోరా

*

వర్దింగ్
మే

నోరాకు,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. దాంట్లో నడుము నొప్పి లేదు. బొబ్బలు లేవు. బకెట్ లేదు, వేళ్ళు తగలబెట్టిన పొగ లేదు. పైగా వాతావరణం గురించి రాశావు. చిన్నప్పుడు అమ్మ పింగాణీ కుక్కబొమ్మ పగలగొట్టిన రోజు కూడా నువ్వు ఇంటికొచ్చిన ప్రతివాడితో వాతావరణమే మాట్లాడావు.

మిషను ఎవరిచ్చారు?

క్లెమ్

*

కెల్డ్‌వర్త్
మే చివర

అన్నయ్యా,

బజారులో అద్దెకిచ్చే కొట్టువాళ్ళు ఇచ్చారు. సరేనా.

శనివారం పొద్దున తెచ్చాను, సాయంత్రానికి పని పూర్తి. అది నన్ను ఈడ్చుకుపోతుంటే దాని వెనక పరుగెత్తాను. టల్లీ తన షెడ్డు గుమ్మంలో కూర్చుని పైపు కాలుస్తూ చూశాడు. హేగ్ చూశాడు. అందరూ చూశారు. ఒక్కడైనా “వద్దమ్మా” అనలేదు. అడక్కుండా సలహా చెప్పరట కదా, అదీ మీ పద్ధతేనట. మీ పద్ధతులన్నీ కలిపి రైలు కింద పడేస్తే బాగుండును.

ఇప్పుడు ముక్క నిండా పచ్చగా ఉంది. మిషను తరిగిన ప్రతి ముక్కా మొలిచింది. బఠాణీ కోసం పాతిన పుల్లలకి తెల్ల పూల తీగ చుట్టుకుని పైకి పాకింది, బఠాణీ కనిపించడం లేదు. క్యారెట్ ఏదో గరిక ఏదో తెలియక రెండూ పీకేశాను. మళ్ళీ మొదటి నుంచి తవ్వేంత సమయం లేదు, అంత నడుమూ లేదు. నిన్న బోర్లించిన తొట్టి మీద కూర్చుని ఏడ్చాను. హేగ్ చూడకూడదని మొహం కంచె వైపు తిప్పుకున్నాను.

ముక్క పోతే ఏమైందిలే అని నాకు నేను చెప్పుకుంటున్నాను. కానీ పోతే నేను తట్టుకోలేనన్నయ్యా. నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు.

నోరా

*

వర్దింగ్
జూన్

నోరాకు,

తిట్టను. నేను తోట మొదలుపెట్టిన ఏడాది రూబార్బ్ ఆకులు కూర వండమని మీ వదినకిచ్చాను. అవి విషం. పక్కింటావిడ చూసింది కాబట్టి బతికాం.

ఒక ఉపాయం ఉంది, కోపం తెచ్చుకోకుండా విను. హేగ్ నాకు రాశాడు. ముక్క నా పేరు మీదికి మారిస్తే, నేను పాత సభ్యుణ్ణి కాబట్టి నాకు గడువు అక్కర్లేదట. పేరు నాది, పని నీది. తనిఖీ గొడవ ఉండదు. నీకు కావలసింది నేలే కదా. గట్టు మీద బోర్డు మీద ఎవరి పేరుంటే ఏం?

సంతకం చేసిన కాగితం హేగ్‌కి పంపాలా? వెంటనే రాయి.

క్లెమ్

*

కెల్డ్‌వర్త్
జూన్

క్లెమ్‌కు,

పంపొద్దు.

అల్మా వీధి ఇల్లు నాన్న పేరు మీద ఉండేది, తర్వాత నీ పేరు మీదికి వచ్చింది. ఊహ తెలిసినప్పటి నుంచీ కడిగి తుడిచింది నేను. కూలగొడతామని కౌన్సిల్ కాగితం వచ్చినప్పుడు కూడా కవరు మీద నీ పేరే. అప్పుడు నేనేం అనలేదు. ఇప్పుడు అంటున్నాను. ముక్క పోతే నా పేరు మీదే పోవాలి.

నోరా

*

వర్దింగ్
జూన్

నోరాకు,

పంపలేదు. హేగ్‌కి రెండు ముక్కలు రాసి పడేశాను: ముక్క మా చెల్లెలిది, నాతో మాట్లాడొద్దని.

ఆ కవరు సంగతి నాకెప్పుడూ తట్టలేదు. రాసి మంచిపని చేశావు. ఈ గరికకి మాత్రం నా దగ్గర ఇంక సలహా లేదు.

అన్నయ్య

*

కెల్డ్‌వర్త్
జూన్ చివర

అన్నయ్యా,

నీ దగ్గర సలహా లేకపోవడమే మంచిదైంది. నా బుర్రే వాడుకోవాల్సి వచ్చింది.

అల్మా వీధిలో రెండో వరస కూడా ఖాళీ చేయిస్తున్నారు. కొత్త ఫ్లాట్లలో గదులు చిన్నవి, పాత తివాచీలు పట్టవు. అందరూ చుట్టలు చుట్టి వీధిలో పడేస్తున్నారు. ఒక చుట్ట పక్కకి దొర్లించి చూస్తే కింద రాళ్ళ సందులో మొలిచిన గడ్డి పాలిపోయి, తెల్లబడి చచ్చి ఉంది. అక్కడే నిలబడిపోయాను.

ఏమస్ తోపుడు బండికి ఇప్పుడు పని దొరికింది. రోజూ వీధి నుంచి తోటకి తివాచీలు మోస్తున్నాను. గరిక మీద తివాచీలు పరిచి, అంచులకి ఇటుకలు పెట్టాను. మరి తివాచీ సాగు కిందికి రాదు కదా. అందుకని మధ్యమధ్య కత్తితో గుండ్రంగా కోసి, గుంట తీసి, గుర్రపు లద్దె వేసి, మారో అనే పొడుగు గుమ్మడి మొక్కలు నాటాను. దోసకాయంత కాసేవి కాదు, చంటిబిడ్డంత కాసేవి. అవి పాకితే తివాచీ కనపడదు.

మొక్కలు ఎక్కడివంటావా? టల్లీ ఏటా ఎక్కువ నారు పోస్తాడుగా. నేను తివాచీకి చిల్లులు పెడుతుంటే చూసి చూసి, మర్నాడు ఒక ట్రే నిండా మొక్కలు నా గట్టు మీద పెట్టాడు. పెట్టి, క్యాను తీసుకుని, నా ముక్కలోంచి అడ్డంగా నడిచి నీళ్ళకి పోయాడు. మనిషిని మెచ్చుకోవాలో మొట్టాలో తెలియలేదు.

నోరా

*

వర్దింగ్
జులై

నోరాకు,

తివాచీ మీద గుమ్మడికాయలు. చదివి, ఏమైందోనని మీ మేనకోడలు వచ్చి చూసేదాకా నవ్వాను. నలభై ఏళ్ళు తోట చేశాను, ఇలాంటిది కనలేదు, వినలేదు. హేగ్ దాన్ని సాగు అనడు. వాడికి తాడు పట్టుకుని గీసిన వరసలు కావాలి. ఆశ పెట్టుకోకు.

అయినా నీళ్ళు మొదట్లో పొయ్యి, ఆకుల మీద కాదు. తీగ కొస తుంచకు.

క్లెమ్

*

కెల్డ్‌వర్త్
ఆగస్టు మొదట్లో

అన్నయ్యా,

నవ్వుకో. ఆకులు గొడుగులంత అయ్యాయి.

గేటు దగ్గర దారి వైపు ఒక మూల మాత్రం తివాచీ చాల్లేదు. అక్కడి గరిక నన్ను చూసి వెక్కిరిస్తోంది. వీధిలో ఇంక తివాచీలు లేవు. ఇంట్లో ఒకటుంది. అమ్మ ముందుగది తివాచీ, ఎర్రది, గులాబీలది. ఫ్లాటులో పట్టక చుట్టి మంచం వెనక నిలబెట్టాను. నీకు గుర్తుందా, ఆ గదిలోకి పాస్టరు గారికీ శవపేటికకీ తప్ప ప్రవేశం లేదు. మనం గుమ్మంలో బూట్లు విప్పి మేజోళ్ళతో కూడా అంచున నిలబడేవాళ్ళం.

చాలాసేపు ఆలోచించాను. చుట్టి పెట్టినా అమ్మ సంతోషించదు కదా అనిపించింది. నిన్న తీసుకెళ్ళి పరిచాను, గులాబీలు పైకే. కత్తితో మూడు చోట్ల కోశాను. మూడు మొక్కలు పెట్టాను.

ఇంతలో టల్లీ క్యాను పట్టుకుని వచ్చాడు, మామూలుగా అడ్డంగా పోదామని. గట్టు దాకా వచ్చి ఆ గులాబీలు చూసి ఆగిపోయాడు. తన బూట్లు చూసుకున్నాడు. మళ్ళీ తివాచీ చూశాడు. ఇన్ని నెలల్లో మొదటిసారి టోపీ ముట్టుకుని, చుట్టూ తిరిగి కంచె పక్క నుంచి పోయాడు. ఈ రోజూ అంతే. ఆ దారి చాలా దూరం, నీకు తెలుసు.

మగాళ్ళందరికీ ఒక అమ్మ ఉంటుంది కదా. ముందుగది తివాచీని బూట్లతో తొక్కితే ఏమవుతుందో వాళ్ళకి చిన్నప్పుడే ఒంటబట్టింది.

నోరా

*

కెల్డ్‌వర్త్
ఆగస్టు ఆఖరి శనివారం

అన్నయ్యా,

చేతులు కడుక్కోకుండానే రాస్తున్నాను, మరకలుంటే క్షమించు.

కమిటీ వచ్చింది. హేగ్ గారు ముందు, మిగతావాళ్ళు వెనక, అందరూ ఆదివారం కోట్లలో. నేను రూబార్బ్ మూలన నిలబడ్డాను. ఏమీ మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

పక్క ముక్కలన్నీ చూసుకుంటూ చకచకా వస్తున్న హేగ్ గారు నా గట్టు మీదికి వచ్చి టక్కున ఆగాడు. కాలి ముందు అమ్మ తివాచీ. ఆకుల మధ్య నుంచి గులాబీలు కనిపిస్తున్నాయి. కిందికి చూశాడు, బూట్లకి దారంతా అంటిన మట్టి. వెనకవాళ్ళు వచ్చి ఆయన వీపుకి గుద్దుకున్నారు. ఆయన గడ్డికి ఒక బూటు రాశాడు, రెండోది రాశాడు. తర్వాత టోపీ తీశాడు.

“లోపలికి రావచ్చా, మిస్ లిస్టర్?” అన్నాడు.

నోరమ్మా అనలేదన్నయ్యా. వెనక టల్లీ షెడ్డు గుమ్మంలో పైపు నోట్లోంచి తియ్యడం కూడా చూశాను.

నేను ముందు చేతుల మట్టి గౌనుకి తుడుచుకున్నాను. ఆయన అలాగే నిలబడ్డాడు. కమిటీ అంతా నిలబడింది. చివరికి “రండి” అన్నాను.

ఇటుక పక్కకి జరిపి ఒక తివాచీ కొస ఎత్తారు. కింద గరిక పసుపు పచ్చగా చచ్చింది, మట్టి మెత్తగా ఉంది, వానపాములు గిజగిజలాడుతున్నాయి. “ఇది సాగు కిందికి వస్తుందంటారా?” అని ఎవరో గొణిగారు. హేగ్ గారు ఇంకో ఆకు పక్కకి తీశాడు. దాని కింద చంటిబిడ్డంత కాయ. ఇంకో ఆకు తీస్తే ఇంకోటి.

“నిబంధనల్లో తివాచీ కూడదని ఎక్కడుంది?” అని టల్లీ తన గట్టు మీద నుంచి అరిచాడు. “కాయ కాసిందా లేదా అది చూడండి. నాకు షెడ్డులో స్టవ్ మీద పాలున్నాయి, తొందరగా తేల్చండి.” ఆయనకి స్టవ్వూ లేదు, పాలూ లేవు.

హేగ్ గారు పుస్తకంలో టిక్కు పెట్టాడు. కాగితం మీద ‘మిస్ ఎన్. లిస్టర్, తొమ్మిది’ అని ఉంది. నేను చూశాను. వెళ్ళేటప్పుడు అందరికీ తలా ఒక కాయ ఇచ్చాను. ఆయన చంకలో పెట్టుకుని వెళ్ళాడు.

ఇప్పుడు బోర్లించిన తొట్టి మీద కూర్చుని రాస్తున్నాను. బూట్లు విప్పేశాను. మట్టి చల్లగా ఉంది.

నోరా

*

వర్దింగ్
సెప్టెంబరు

చెల్లాయికి,

నేను నవ్వినదంతా వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక్క సంగతి నీకు తట్టిందో లేదో. హేగ్ టిక్కు పెట్టింది తర్వాత. ముక్క నీదైంది అంతకు ముందే, వాడు గట్టు మీద ఆగి అడిగినప్పుడు. లేనివాళ్ళని ఎవరూ అడగరు. నేను అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో కూడా వాడు నా ముక్కలోకి వచ్చేటప్పుడు టోపీ తియ్యలేదు.

అల్లుడి పచ్చికకి నమస్కారం పెట్టి, పదిహేనో తారీఖున పొద్దున బండికి వస్తున్నాను. నీ పదకొండో అంతస్తు సోఫా నాకు చాలు. తివాచీల కింద నేల మెత్తబడి ఉంటుంది, వంగలేను కానీ కూర్చుని వేళ్ళు ఏరగలను. బకెట్ ఒకటి నాకు కావాలి.

స్టేషన్ నుంచి సరాసరి తోటకే వస్తాను. నీ గట్టు మీద నిలబడి అడుగుతాను. హేగ్‌ని నిలబెట్టినట్టే నన్నూ కాసేపు నిలబెట్టు, అప్పుడు చెయ్యెత్తినందుకు నాకది కావలసిందే. మరీ ఎక్కువసేపు వద్దు. తుంటి నొప్పి.

అన్నయ్య